వెనక బోయీ నోటి మాట

కొండ కడుపును తొలిచి కట్టిన ఆ మందిరాన్ని చూస్తే దేవశిల్పి కూడా ఒక్క క్షణం ఉలి కింద పెడతాడు. నల్లరాతి పైకప్పు నిండా అక్షరాలు, అక్షరాల గీతల్లో కెంపులు, పచ్చలు. పైన ఎక్కడో కొండకు పడిన చిల్లులోంచి మధ్యాహ్నపు ఎండ దిగి, ఆ రాళ్లను తాకి, కింద మడుగు మీద రంగురంగులుగా చెదురుతోంది. మడుగు చుట్టూ పాలరాతి స్తంభాలు, స్తంభానికో సింహం. సింహాల నోళ్లలోంచి దూకుతున్న నీటి ధారల హోరుకు చెవులు గింగురుమంటున్నాయి.

ఇంత అందమూ కాచనకు అక్కరకు రాలేదు. గట్టు మీద తెలివి వచ్చి లేచి కూర్చున్నప్పటినుంచి అతను మడుగు నడుమనున్న బండనే చూస్తున్నాడు. బండ మీద చిన్న మేనా. మేనాలో కుందనగిరి రాకుమారి మందారవల్లి. నీళ్లు అప్పటికే మేనా కోళ్లను ముంచేశాయి.

"అమ్మా" అని అరిచాడు కాచన. ఆ హోరులో అతని గొంతు అతనికే వినపడలేదు. ఆమె తెర తొలగించి ఏదో అంటోంది కాని పెదవులు కదలడం తప్ప మాట ఇవతలికి రావడం లేదు. పోనీ దూకుదామంటే కాచనకు ఈత రాదు. వచ్చినా లాభం లేదు. మడుగులో మొసళ్లు కట్టెదుంగల్లా తేలుతూ, ఎవరు దిగుతారా అని ఓపికగా చూస్తున్నాయి.

కాచన ఎవరంటే మేనా మోసే బోయీ. అందులోనూ వెనక బోయీ. వెనక బోయీకి మేనా అడ్డం కాబట్టి దారి కనపడదు. ముందువాడు "రాయి" అంటే వెనకవాడు "రాయి" అనాలి. "గుంట" అంటే "గుంట" అనాలి. ఆ జవాబు వినిపిస్తేనే ముందువాడు అడుగు వేస్తాడు. లేదంటే ఇద్దరూ మేనాతో సహా బోర్లా పడతారు. అందుకని కాచన నోరు అతని బుర్రను అడిగి పలకడం ఏనాడో మానేసింది. సంతలో ముందు నిలబడ్డవాడెవడో "పావుసేరు బెల్లం" అంటే, వెనక నుంచి ఇతను "పావుసేరు బెల్లం" అనేసి, అక్కరలేని బెల్లం కొనుక్కుని ఇంటికి వెళ్లిన రోజులున్నాయి.

అతనికి ముందు నడిచినవాడు ఎప్పుడూ ఒక్కడే, మేనమామ ఓబన్న. తల్లీ తండ్రీ లేని కాచనను పెంచింది అతనే. కుందనగిరి రాజును మాయతో చంపి శబ్దభైరవుడనే మాంత్రికుడు కోటను పట్టుకున్నాక, మందారవల్లి సెట్టిగారి కోడలి వేషంలో మేనా ఎక్కి, మేనత్త కోటకు బయలుదేరింది. మోసింది ఈ ఇద్దరే. దారిలో మేనా దించి అలుపు తీర్చుకునేటప్పుడు ఆమె మేనా తలుపు మీద పేరుకున్న దుమ్ములో వేలితో గీసి కాచనకు అక్షరాలు నేర్పింది. మేనా కదిలాక తెర చాటున కూర్చుని, ఓబన్న వేసే దారి కేకకు కాచనతో పాటు తనూ మెల్లగా "రాయి, గుంట" అంటూ వంత పాడేది. ఓబన్న ముసిముసిగా నవ్వుకునేవాడు. నిన్న కనుమ దారిలో కొండచరియ విరిగి పడింది. కాచన ఆఖరుసారి విన్న కేక "ఆగు". అతను "ఆగు" అని జవాబు ఇచ్చేలోపు ముందు మామ లేడు, రాళ్లే ఉన్నాయి. ఆ దుమ్ములో తెలివి తప్పి, కళ్లు తెరిచేసరికి ఈ గట్టు మీద ఉన్నాడు.

"లేచావా బోయీ?"

ఆ గొంతు మాత్రం హోరును చీల్చుకుని చక్కగా వినిపించింది. శబ్దభైరవుడు నీళ్ల మీద నడిచి వచ్చాడు. మోకాళ్ల దాకా జడలు, ఎముకల మొలతాడు, పట్టు ఉత్తరీయం. అతను వేలు చూపిన చోట ఆరు రాతి ఏనుగులు తొండాలు చాచాయి. ఒక్కొక్క తొండంలో ఒక్కొక్క దంతపు బిళ్ల ఉంది. బిళ్ల మీద అక్షరం.

కాచన చూశాడు. ప, డ, వ, క, ల, త. మందారవల్లి తనకు ఇంతవరకూ నేర్పిన అక్షరాలు సరిగ్గా ఆ ఆరే.

"నీకు వచ్చినవే పెట్టాను. రానివి పెడితే ఆట ఏం రంజుగా ఉంటుంది?" అన్నాడు మాంత్రికుడు. "వీటిని కలిపి మాట కూర్చు. కూర్చినదాన్ని పలికి, అర్థం చెప్పు. నువ్వు చెప్పిన అర్థం ఏదో అది ఇక్కడ ప్రత్యక్షం అవుతుంది. వాడిన బిళ్ల బూడిద అవుతుంది. ఒక్క సంగతి మరిచిపోకు. మాట పలికి అర్థం చెప్పకుండా ఊరుకున్నావా, ఆ మాట నీ ఒంటినే అర్థంగా తీసుకుంటుంది."

"ఇదంతా తమరే చేసుకోవచ్చు గదయ్యా, నాతో ఎందుకు?" అన్నాడు కాచన.

మాంత్రికుడి మొహం ముడుచుకుంది. "గురుశాపం. నేను కూర్చిన మాటకు అర్థం ఉండదు. ఉత్త చప్పుడే. నీ సంగతి చూసుకో. నీళ్లు ఆమె ఒడి దాకా వచ్చాయి."

కాచన గబగబా బిళ్లలు లాక్కుని ప, డ, వ పక్కపక్కన పెట్టాడు. ఆ మాట తట్టినందుకు తన్ను తనే మెచ్చుకున్నాడు కూడా.

"పడవ" అన్నాడు. "పడవ అంటే... నీళ్ల మీద తేలేది."

మూడు బిళ్లలూ బూడిదయ్యాయి. మడుగు బుడబుడలాడింది. గట్టుకూ బండకూ మధ్య, కొత్త టేకు వాసన కొడుతూ, నెమలి మొహం చెక్కిన అందమైన పడవ పైకి లేచింది. కాచన ప్రాణం కూడా దానితో పాటే లేచింది. నడుముకు చుట్టుకున్న తాడు విప్పి, ఉచ్చు వేసి విసిరాడు. నెమలి మెడకు తగులుకుంది. లాగాడు. రెండు కాళ్లూ రాతికి తన్నిపెట్టి లాగాడు. తాడు పుటుక్కున తెగి అతను వెల్లకిలా పడ్డాడు తప్ప పడవ గోరంతైనా జరగలేదు. మొసలి ఒకటి వచ్చి తోకతో కొట్టినా బండరాయిలా అక్కడే తేలుతూ ఉంది.

"తేలేది అన్నావు, తేలుతోంది" అన్నాడు శబ్దభైరవుడు, పసిపిల్లవాడికి చెప్పినట్టు. "దాటించేది అన్నావా? కదిలేది అన్నావా? పోనీ కలప అని కూర్చినా తెప్ప కట్టుకునేవాడివి."

కాచనకు నేల మీద నడవడం తెలుసు, పడవల సంగతి ఏం తెలుసు? దూరం నుంచి చూసినప్పుడు అవి తేలుతూనే కనిపించాయి మరి. అడుసు తొక్కేశాడు, ఇప్పుడు కడుక్కుందామంటే చేతిలో క, ల, త మాత్రమే మిగిలాయి. మూడింటినీ ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కల. కలను పట్టుకుని ఎవరు ఒడ్డెక్కారు? కలత. అది కూర్చకుండానే కావలసినంత ఉంది. ఇంకొకటి కుదిరింది. తల. ఆ మాట మనసులో మెదలగానే గబుక్కున బిళ్లలు విడదీసి, మూడింటినీ నడుం గుడ్డలో మూటగట్టాడు. అవతల మందారవల్లి మేనాలో నిలబడింది. నీళ్లు ఆమె మోకాళ్లను తాకుతున్నాయి. కాచన గట్టు మీద కూలబడి ఏడ్చాడు. సిగ్గుపడాల్సిన పని లేదు, చేయడానికి ఇంకేమీ లేనివాడు అదే చేస్తాడు.

"ఒరే అల్లుడూ."

ఏడుపు ఆగిపోయింది.

"అట్లా కూర్చుంటే పని జరుగుద్దేందిరా? లే. బొంగు ఎత్తు."

మాంత్రికుడు కనపడలేదు. స్తంభాల నీడలో, వీపు ఇటు పెట్టి, ఎర్ర తలపాగాతో ఓబన్న నిలబడి ఉన్నాడు. మేనాలోంచి ఊడదీసిన మోత బొంగు గట్టు మీద పడి ఉంటే దాని ముందు కొస అప్పుడే భుజానికి ఎత్తుకున్నాడు.

"మామా" అన్నాడు కాచన. "రాళ్ల కింద పడిపోయావు గదా. బతికే ఉన్నావా?"

"చచ్చినోడు బొంగు ఎత్తుతాడంట్రా? నీళ్ల కింద బండ దాకా రాతి కట్ట ఉంది, నేను చూసుకున్నా. బొంగు తీసుకుపోయి మేనాకు తొడిగి అమ్మను ఎత్తుకొద్దాం. నేను చెప్పిన చోట అడుగెయ్యి, మొసలి గిసలి నీ జోలికి రావు."

తెలివైనవాడైతే ఇటు తిరగమని అడిగేవాడు, మొహం చూపించమనేవాడు. కాచన బతుకంతా మామ మొహం కంటే మామ వీపునే ఎక్కువ చూశాడు. ఆ వీపు కనపడగానే అతనికి లోకం మళ్లీ సవ్యంగా ఉన్నట్టనిపించింది. కళ్లు తుడుచుకుని, వెనక కొస భుజానికి ఎత్తుకున్నాడు.

ఇద్దరూ నీళ్లలోకి దిగారు. నిజంగానే అరికాలి కింద రాతి కట్ట తగిలింది.

"రాయి."

"రాయి."

"జారుడు."

"జారుడు."

ఎంత హాయిగా ఉంది ఆ పిలుపు. మొసళ్లు పక్కకు తప్పుకుంటున్నాయి. ఎడమ పక్కగా కదలని పడవ దగ్గరపడుతోంది. బండ మీద మందారవల్లి రెండు చేతులూ అడ్డంగా ఊపుతోంది. త్వరగా రమ్మంటోంది కాబోలు అనుకుని కాచన అడుగు పెంచాడు. ఆమె వద్దు వద్దని అరుస్తోందని అతనికెట్లా తెలుస్తుంది?

"మెట్టు."

"మెట్టు."

"గుంట."

"గుంట."

"తల."

"తల" అన్నాడు కాచన.

నడుం గుడ్డలో బిళ్లలు టక్కున కదిలాయి. రెండు ఒకదానికొకటి అంటుకున్నాయి. మూడోది విడిగా పక్కకు జారింది. నడుము దగ్గర నిప్పుకణిక పెట్టినట్టు చురుక్కుమంది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. కాచన మాట పెదవి దాటిపోయింది.

ముందు గొంతు ఆగలేదు. నడక కూడా ఆగలేదు.

"తల అంటే."

"తల అంటే" అంది కాచన నోరు.

"కుందనగిరి కిరీటం నిలిచేది."

అప్పుడు చూశాడు. ముందున్న మనిషి తలపాగా కొస గాలికి లేచింది. ఆ కింద మెడ నున్నగా, వెన్నముద్దలా ఉంది. ఓబన్న మెడ మీద బొంగు మోసి మోసి కాయ కాసి, ఆ కాయ మీద మళ్లీ కాయ కాసి, చింతపిక్కంత బుడిపె ఉంటుంది. చిన్నప్పుడు దానికి ఆముదం రాసింది కాచనే. ఈ మెడ ఏనాడూ బరువు మోసిన మెడ కాదు.

ఆ కిరీటం కుందనగిరి వంశపు తల మీద తప్ప నిలవదని లోకానికంతా తెలుసు. శబ్దభైరవుడు తల మీద పెట్టుకున్న ప్రతిసారీ అది దొర్లి పడిపోయిందని ఊరూరా చెప్పుకుని నవ్వారు. ఇప్పుడు కాచన నోట ఆ అర్థం ఒక్కసారి పూర్తిగా పలికితే, కిరీటం నిలబెట్టుకోవడానికి మందారవల్లి తల వచ్చి మాంత్రికుడి చేతిలో పడుతుంది.

తెలిసింది. అయినా నాలుక ఆగడం లేదు. అలవాటు అతని కంటే పెద్దది. "కుందన..." దాకా వచ్చేసింది. ఇక దారి లేక కాచన తన నాలుకను పళ్ల మధ్య పెట్టి, కంటి ముందు చుక్కలు కనిపించేలా కొరికాడు. నోటి నిండా నెత్తురు ఊరింది. మాట ఆగింది.

ముందున్న మనిషి తిరిగాడు. ఎర్ర తలపాగా కింద శబ్దభైరవుడి మొహం. "చెప్పు" అన్నాడు, ఇంకా ఓబన్న గొంతుతోనే. "చెప్పకపోతే ఏమవుతుందో తెలుసుగా? ఆ మాట నీ తలనే తీసుకుంటుంది."

తీసుకుంటూనే ఉంది కూడా. కాచన మెడ చుట్టూ సన్నటి తీగ బిగిసినట్టుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే ఆమె పోతుంది, చెప్పకపోతే తను పోతాడు. తను పోతే తరవాత ఆమె ఎంతసేపు? పండితులైతే తల అనే మాటకు నిఘంటువు తిరగేసి పది అర్థాలు చెబుతారేమో. బోయీకి తెలిసింది ఒక్కటే. చిన్నతనంలో, భుజం ఇంకా బొంగుకు అందని రోజుల్లో, నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని సంతకు మూటలు చేరవేసేవాడు.

నెత్తురు ఉమ్మి, ముద్ద ముద్దగా అన్నాడు. "తల అంటే బరువు మోసేది. నా తల."

మెడ చుట్టూ బిగిసిన తీగ వదిలింది. రెండు బిళ్లలూ బూడిదై నీళ్లలో కలిశాయి. బండ మీదనుంచి మేనా మందారవల్లితో సహా గాలిలోకి లేచింది, గద్ద ఎత్తుకుపోయిన కోడిపిల్లలా ఊగుతూ వచ్చి, ధబ్బుమని కాచన తల మీద కూర్చుంది.

మోసేది అన్నాడు కాబట్టి తల మోసింది. మెడ సంగతి, నడుము సంగతి, మోకాళ్ల సంగతి అతను చెప్పలేదు. అవన్నీ ఒక్కసారి కూలబడినంత పని చేశాయి. భుజం మీది బొంగు జారి నీళ్లలో పడి కొట్టుకుపోయింది. మేనా తెరలు కంటికి అడ్డంగా దిగాయి. రెండు చేతులూ మేనా అడుగును పట్టుకుని ఉన్నాయి, తెర తొలగించుకోవడానికి మూడో చెయ్యి లేదు. తెర అంచు కింద, మొల చుట్టూ జానెడు మేర నీళ్లు తప్ప అతనికి లోకంలో ఏదీ కనపడటం లేదు.

శబ్దభైరవుడు పళ్లు కొరికిన చప్పుడు వినిపించింది. "మునుగు. ఇద్దరూ మునగండి." సింహాల హోరు రెట్టింపైంది. మొల లోతు నీళ్లు బొడ్డు దాటి రొమ్ముకు వచ్చాయి. ఇంతసేపూ దూరంగా ఉన్న మొసళ్లు ఇప్పుడు తప్పుకోవడం లేదు. ఒకదాని గరుకు వీపు అతని తొడను రాసుకుంటూ పోయింది.

"కాచన్నా" అంది మందారవల్లి తల పైనుంచి. ఇప్పుడు ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది. "నీకు ఏమైనా కనిపిస్తోందా?"

"లేదమ్మా."

"కట్ట మీద ఎటు నిలబడ్డావో తెలుస్తోందా?"

"తెలవట్లేదమ్మా. మీరు ఎట్లాగైనా దూకెయ్యండి, బండ మీదికి."

"బండ మునిగిపోయింది." ఆమె మేనా అంచు పట్టుకుని ముందుకు వంగింది. "నువ్వు కదలకుండా ఉండు. నేను చూసి చెప్తాను."

ఆమె చెప్పేలోపు అవతలినుంచి పిలుపు వచ్చింది. కోపం లేదు, వెటకారం లేదు. పొద్దున్నే లేపి గంజి తాగమని చెప్పే గొంతు.

"కుడి. ఒరే అల్లుడూ, కుడి. కుడి పక్క గట్టు ఉంది. గట్టెక్కి అమ్మను దించు. నేను పట్టుకుంటా."

"ఎడమ" అంది పైనుంచి ఆమె. బోయీ పలికినట్టే, చివర సాగదీసి. "ఎడమ. గుంట. గుంట అవతల పడవ. ఒక్క అడుగు వేస్తే మేనా అంచు పడవకు తగులుతుంది. ఆ పడవ నీటితో పాటే పైకి లేస్తోంది కాచన్నా, మునగదు. తేలేది అన్నావుగా."

"కుడి రా. నిన్ను నేనేనాడన్నా గుంటలో దింపానా?"

దింపలేదు. అదే నిజం. ఓబన్న గొంతు చెప్పినట్టు నడిచి కాచన ఏనాడూ పడలేదు. వరదల్లో పడలేదు, బురదల్లో పడలేదు. ఆమె ఇవాళే మొదటిసారి దారి చెబుతోంది. అదీ గుంటలోకి దిగమని.

రెండు పిలుపులూ జవాబు కోసం ఆగాయి. తెగిన నాలుక నోట్లో దానంతటదే లేస్తోంది. "కు" అనడానికి సిద్ధమవుతోంది. అది మామ గొంతు కాదని కాచనకు తెలుసు. ఆ నున్నటి మెడను కళ్లారా చూశాడు. కాని ఆ గొంతుకు జవాబు ఇచ్చినంతకాలం మామ ఎక్కడో ఒక చోట ముందు నడుస్తున్నట్టే. జవాబు ఇవ్వకపోతే మామ నిన్ననే ఆ రాళ్ల కింద పోయాడని ఒప్పుకున్నట్టు. ఆ మాట ఒప్పుకోవడం అతని వల్ల కావడం లేదు. నీళ్లు గడ్డాన్ని దాటి కింది పెదవిని తాకాయి. ఇంకాస్త ఆగితే ఎవరికీ జవాబు చెప్పే పని ఉండదు.

"అల్లుడూ" అంది ఓబన్న గొంతు. "పలకవేందిరా?"

కాచన కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు జారి మడుగులో కలిశాయి.

"ఎడమ" అన్నాడు.

కుడి పక్క ఆ గొంతు ఆగిపోయింది. కాచన ఎడమ కాలు ఎత్తి ముందుకు వేశాడు. దాని కింద రాయి తగల్లేదు. కాలు ఇంకా దిగుతూనే ఉంది, నీళ్లు అతని కళ్ల మీదికి వచ్చేశాయి, తల మీద బరువు మాత్రం ఒరగలేదు, పైన మేనా అంచు పడవకు ఠక్కున తగిలింది.